మా బావ సినిమా చూసి చెడిపోయాడు

సినిమాలు చూసి కుర్రాళ్లు చెడిపోతారని అందరూ అంటారు. యాభై ఆరేళ్ల మనిషి ఒక్క సినిమాతో, అదీ ఒక్క ఆటతో చెడిపోవడం మాత్రం మా ఇంట్లోనే జరిగింది. చెడిపోయాడన్నది మా అక్క సారవ్వ మాట. నా మాట వేరు.

చెడిపోయిన మనిషి మా అక్క మొగుడు నర్సింగం. గోదావరిఖనిలో భూగర్భ గనిలో పని చేస్తాడు. బొగ్గు తీసిన చోట పైకప్పును కర్రతో తట్టి, ఆ చప్పుడును బట్టి అది నిలుస్తుందో కూలుతుందో చెప్పాలి. గట్టిగా మోగితే ముందుకు పోవచ్చు. డొల్ల చప్పుడు వస్తే అందరూ వెనక్కి జరగాలి. అంటే చెవితో బతికే మనిషి. పాన్ డబ్బా దగ్గర ఎవరైనా జోకు చెప్తే రోడ్డు అవతల నుంచి మొదట నవ్వేది ఆయనే. మా వాళ్లు సరిగ్గా ఆ చెవులకే ఎసరు పెట్టారు.

మా ప్రాంతం సంగతి తెలియని వాళ్లకు ఒక ముక్క చెప్పాలి. ఇక్కడ గని కార్మికుడికి ఇంకా సర్వీసు ఉండగానే జబ్బుతో పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చితే, అతని కొడుక్కి అదే బొగ్గు కంపెనీలో ఉద్యోగం వస్తుంది. దాన్ని మేము అన్‌ఫిట్ కావడం అంటాం. నిజంగా ఊపిరితిత్తులు చెడి, నడుము విరిగి అన్‌ఫిట్ అయినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లను ఏమన్నా అంటే నాకు కళ్లు పోతాయి. నేను చెప్పేది మిగతా వాళ్ల గురించి. లోకంలో కొడుకులు తండ్రి ఆరోగ్యంగా ఉండాలని మొక్కుకుంటారు. మా దగ్గర ఆ మొక్కు కొంచెం ఆలోచించి మొక్కుకుంటారు. "మీ నాయినకు షుగర్ ఉన్నదా?" అని ఒకడు అడిగితే, "ఉన్నది, గుండె గూడ జర్ర తేడానే" అని ఇంకొకడు కాలర్ ఎగరేస్తాడు.

నా మేనల్లుడు రుత్విక్‌కి ఆ భాగ్యం లేదు. బీటెక్ అయ్యాక హైదరాబాదులో కొన్నాళ్లు కోచింగు, కొన్నాళ్లు ఉద్యోగం, కొన్నాళ్లు ఏదీ లేకుండా గడిపి ఇంటికి వచ్చాడు. మంచిర్యాలలో సహస్ర అనే పిల్లను చూశారు. పిల్ల తండ్రి, "కంపెనీ నౌకరి చేతికి రానియ్యున్రి, అప్పుడు మాట్లాడుకుందాం" అని మర్యాదగా తలుపేశాడు. ఇక ఇంటిల్లిపాదీ బావ ఒంట్లో రోగం కోసం వెతకడం మొదలుపెట్టారు. రక్తం తీయించారు, గుండె చూపించారు, ఎక్సరేలు తీయించారు. ఎక్కడా ఏమీ లేదు. ఆ రిపోర్టులు ముందేసుకుని మా అక్క ఏడ్చింది.

"పెండ్లయిన కాడి నుంచి ఉప్పు, నూనె జూసి వండిపెట్టిన తమ్మీ. నా చేతులతోని నేనే కొడుకు నోట్ల మన్ను కొట్టిన" అంది.

అప్పుడు ఆగయ్య రంగంలోకి దిగాడు. ఆగయ్య మా కాలనీలోనే ఉంటాడు. చెవిటివాడినని బోర్డు ముందు నమ్మించి, కొడుక్కి ఉద్యోగం పెట్టించిన మొనగాడు. ఎవరైనా పిటిషన్ పెడతారేమోనన్న భయంతో అప్పటి నుంచి బయట చెవిటివాడిగానే తిరుగుతున్నాడు. ఫోన్ వస్తే బాత్రూములోకి పోయి మాట్లాడతాడు. ఒకసారి వెనక నుంచి కుక్క మొరిగితే ఎగిరి గంతేసి, ఆ తర్వాత కనిపించిన ప్రతివాడికీ "దాని నీడ జూసిన" అని చెప్పుకున్నాడు. అలాంటివాడు మా బావకు గురువయ్యాడు.

"చెవిటితనం చెవుల ఉండదు అన్నా, మొకంల ఉంటది" అన్నాడు ఆగయ్య, మా అక్క వండిన కోడికూర ముందు కూర్చుని. "మిషను పరీక్ష తర్వాత సంగతి. ముందుగాల డాక్టరు నీ మొకం చూస్తడు. ఎన్క నుంచి పిలిస్తె తల తిప్పొద్దు. పళ్లెం కిందవడ్డా రెప్ప కొట్టొద్దు."

బావకు ఇష్టం లేదు. కానీ కాదనడం ఆయనకు చేతకాదు. దరఖాస్తు మీద సంతకం పెట్టేదాకా మా అక్క ఆయనతో మాట్లాడలేదు, కొడుకు కంచం ముందు కూర్చోలేదు. చివరికి పెట్టాడు. ఆ సాయంత్రం చౌరస్తాలో ఉన్న నా ఫ్లెక్సీల దుకాణానికి వచ్చి కూర్చున్నాడు. ఫ్లెక్సీల మీద ముఖాలు తెల్లగా, మీసాలు నల్లగా చేయడం నా పని. అందుకే మనుషుల మీద నాకు భ్రమలు తక్కువ.

"గని ఇడిచిపెట్టుడు నాకు పెద్ద ముచ్చట గాదు రఘుపతి. ఎప్పటికైనా ఇడిచిపెట్టేదే" అన్నాడు బావ. "కాని ఆగయ్యను జూడు. సచ్చేదాక చెవిటోని లెక్కనే ఉండాలె. ఎవలన్న పిలిస్తె పలుకరాదు, నవ్వొస్తె నవ్వరాదు. నేను ఒక్కపారి మరిసిపోయి పలికితె పోరని నౌకరి పోతది. బతికినన్ని రోజులు గట్ల ఎట్ల ఉంటరు?"

"మరి వద్దని చెప్పు బావ" అన్నాను.

"ఎవలకు చెప్పాలె?" అన్నాడు. నేను చాయ్ తెప్పించాను.

ఇంట్లో శిక్షణ మొదలైంది, బావ రోజూ తప్పుతూనే ఉన్నాడు. మా అక్క వంటింట్లోంచి మెల్లగా "చాయ్" అంటే చాలు, తల అటు తిరిగేది. రుత్విక్ వెనక నిలబడి స్టీలు పళ్లెం జారవిడిస్తే భుజాలు ఎగిరేవి. మరి జీవితమంతా చిన్న చప్పుడును బట్టి ప్రాణాలు కాపాడుకున్న మనిషి. బోర్డు సోమవారం. శుక్రవారం ఆగయ్య చివరి పరీక్ష పెట్టాడు.

"సినిమా టాకీసుకు తోలుకపోదాం. అండ్ల బాంబులు పేలుతయి, నవ్వులుంటయి, ఏడుపులుంటయి. మొకం మీద ఏ మార్పు లేకుండ ఆఖరు దాక కూసుంటె బోర్డు పాసైనట్టే."

ఊళ్లో అప్పుడు తండ్రి మీద తీసిన కొత్త సినిమా ఆడుతోంది. జనం వెక్కివెక్కి ఏడుస్తున్నారని పేరు. మొదటి ఆటకు పోయాం. బావను మధ్యలో కూర్చోబెట్టి, అటు మా అక్క, ఇటు రుత్విక్ కూర్చున్నారు. రుత్విక్ తండ్రి మణికట్టు పట్టుకున్నాడు, ఏమాత్రం ఉలికిపడినా తెలుస్తుందని. ముఖం బాగా కనిపించడానికి ఆగయ్య, నేను ముందు వరుసలో కూర్చుని మాటిమాటికీ వెనక్కి తిరిగి చూడాలి. ఊరంతా తెర చూడటానికి వస్తే మేము మా బావను చూడటానికి వచ్చాం.

కథ ఏమిటంటే, రైల్వే స్టేషన్లో మూటలు మోసి ఇద్దరు కొడుకుల్ని చదివించిన ముసలాయన. ఆయన పేర ఒక ఇల్లు ఉంది. ఆ ఇల్లు చేతిలోకి రావాలంటే తండ్రికి పిచ్చి అని కోర్టులో తేలాలి. కొడుకుల మీద ప్రేమకొద్దీ ఆ తండ్రి పిచ్చివాడిలా నటించడానికి ఒప్పుకుంటాడు. ఎలా నవ్వాలో, ఎలా చూపు తిప్పాలో కొడుకులే దగ్గర కూర్చుని నేర్పుతారు.

ఆ నేర్పే సీను వచ్చినప్పుడు నేను ఉలిక్కిపడి వెనక్కి తిరిగాను. ఇప్పుడు మా వాళ్ల ముఖాలు ఎక్కడ పెట్టుకుంటారో చూద్దామనుకున్నాను. రుత్విక్ కళ్ల నిండా నీళ్లు. "థూ, కొడుకులేనా వాళ్లు" అన్నాడు పళ్లు కొరుకుతూ. అంటూనే తండ్రి చెయ్యి గట్టిగా నొక్కి, "డాడీ, రెప్ప కొట్టినవ్, చూసుకో" అన్నాడు. మా అక్క కొంగు నోట్లో కుక్కుకుని, "గసొంటి కొడుకుల గన్న తల్లి కడుపు కాల" అని శాపం పెట్టింది. అద్దం ముందు నిలబడి వెనక ఎవడున్నాడా అని వెతికే జాతి మాది.

ఇంటర్వెల్‌లో మా కాలనీలో ఉండే రిటైరైన ఆఫీసరు సూర్యప్రకాశరావు గారు కనిపించారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. కళ్లజోడు తుడుచుకుంటూ, "ఈ సినిమా మన వీధిలో అందరికీ చూపించాలండీ" అన్నారు. అక్కడున్న ప్రతివాడూ అదే అంటున్నాడు. ఒకడు తన తమ్ముడు చూడాలన్నాడు, ఇంకొకావిడ తన ఆడబిడ్డ చూడాలంది. సినిమా తనను చూస్తోందని ఒక్కరూ అనుకోలేదు.

రెండో సగంలో హాస్యం వచ్చింది. హాలు దద్దరిల్లింది. బావ కదల్లేదు. ఆగయ్య మాత్రం ఆపుకోలేక పగలబడి నవ్వి, నాలుగు సీట్ల అవతల తెలిసినవాడు కనిపించేసరికి ఆ నవ్వును దగ్గులోకి తిప్పుకున్నాడు. ఇక ఆఖరు సీను. కోర్టులో జడ్జి, "నీ పేరేంటి పెద్దాయనా?" అని అడుగుతాడు. ముసలాయన కొడుకుల వంక చూస్తాడు. నోరు తెరుస్తాడు. మళ్లీ మూసేస్తాడు. అంతే, హాలంతా ఘొల్లుమంది. ఆగయ్య తువ్వాలు తడిసిపోయింది. రుత్విక్ భుజాలు కదిలిపోతున్నాయి. నేనూ కళ్లు తుడుచుకున్నాను, అబద్ధమెందుకు. ఆ ఏడుపుల మధ్య మా బావ ఒక్కడు రాయిలా కూర్చుని తెర వంక చూస్తున్నాడు. రెప్ప కూడా కొట్టలేదు.

బయటికి రాగానే ఆగయ్య ఆయన వీపు తట్టాడు. "ఊరంత ఏడ్సిన సినిమాకు ఏడ్వనోడు డాక్టరుకేం దొరుకుతడు? పాసైనవ్ అన్నా."

ఇంటికి పోతూ ఆటోలో రుత్విక్ తండ్రిని వాటేసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక డాడీ అని తప్ప పిలవనివాడు, సినిమాలో పిలిచినట్టు "నాయినా" అన్నాడు. "నాయినా, నేను మారిపోయిన. నా కండ్లు తెరుసుకున్నయి. ఇగ నిన్ను దేవుని లెక్క చూసుకుంట." ఒక నిమిషం ముక్కు చీది, "సోమవారం గూడ గిట్లనే కూసో, సాలు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నా దుకాణానికి వచ్చి ఫ్లెక్సీ కావాలన్నాడు. సినిమాలోని పాటను ఫోన్‌కి రింగ్‌టోన్‌గా పెట్టుకున్నాడు. తండ్రి డ్యూటీ ఐడీ కార్డు మీది ఫొటో ఇచ్చాడు, నల్ల కళ్లద్దాలతో తన ఫొటో ఇచ్చాడు. తనది పెద్దగా రావాలన్నాడు. కింద రాయాల్సింది కూడా తనే చెప్పాడు: "తండ్రిని గౌరవించని వాడు మనిషే కాడు. ఇట్లు, రుత్విక్ యువసేన." ఆ సేనలో ఎందరున్నారని నేను అడగలేదు. ఫ్లెక్సీ కొట్టి ఇస్తే కాలనీ మొగదల కట్టాడు. చూసినవాళ్లంతా కొడుకంటే ఇలా ఉండాలన్నారు.

ఆదివారం బావ దుకాణానికి వచ్చాడు. నేను పలకరించినా తల తిప్పలేదు. అలవాటు చేసుకుంటున్నాడేమో అనుకున్నాను.

"గా సినిమాల ముసలాయన జడ్జి అడిగినప్పుడు ఎందుకు మాట్లాడలె?" అన్నాడు ఉన్నట్టుండి.

"కొడుకుల మీది పాయిరం బావ."

"గది సరే. కాని నేను చూస్తనే ఉన్న. అంతమంది ఏడ్సిన్రు. ఒక్కడంటె ఒక్కడు, 'మాట్లాడు ముసలోడా' అని అంటడేమోనని చూసిన. ఎవ్వలు అనలె." కాస్త ఆగి, "మాట్లాడకుంటెనే అందరికి మంచిగనిపిచ్చింది" అన్నాడు.

అప్పుడు కూడా నేను ఆయనకు చాయ్ తెప్పించి ఊరుకున్నాను. చాయ్ తెప్పించడంలో మేము దిట్టలం.

సోమవారం బోర్డుకు రుత్విక్, నేను వెంట పోయాం. ఆగయ్య రాలేదు. తనను అక్కడ గుర్తుపట్టేవాళ్లు ఉంటారట. చెవుల డాక్టరు పేరు సుప్రజ. మాట మెత్తగా ఉంది, చూపు మాత్రం పదునుగా ఉంది. సైగలు చేసి చెప్పడానికి రుత్విక్‌ను లోపలికి రానిచ్చారు. తలుపు తెరిచే ఉంది కాబట్టి నేను బయట బెంచీ మీది నుంచి అన్నీ చూశాను.

డాక్టరమ్మ ముందు నుంచి పిలిచింది, పక్క నుంచి పిలిచింది. బావ గోడ వంక చూస్తూ కూర్చున్నాడు. వెనక నర్సు ట్రే జారవిడిచింది. నేను బెంచీ మీద ఎగిరిపడ్డాను, బావ కదల్లేదు. చెవులకు మిషను పెట్టి, చప్పుడు వినిపిస్తే బటన్ నొక్కాలని రుత్విక్ చేత సైగ చేయించారు. బావ ఆ బటన్‌ను గుడ్డును పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకున్నాడు, నొక్కలేదు. నిజం చెప్పాలంటే ఆ నటన ముందు సినిమాలో ముసలాయన దిగదుడుపే. డాక్టరమ్మ నిట్టూర్చి పెన్ను తీసింది. రుత్విక్ చేతులు వెనక్కి పెట్టుకుని నాకు బొటనవేలు చూపించాడు.

అప్పుడే వాడి ఫోన్ మోగింది. తండ్రి పాట. మా అక్క ఏమైందని కనుక్కోవడానికి చేసింది. వాడు కంగారుగా ఫోన్ నొక్కేశాడు.

"ఆ సినిమాలో పాటే కదూ?" అంది డాక్టరమ్మ, కాగితం మీంచి తల ఎత్తకుండానే.

"అవును మేడం. చూసినం. ఏడుపు ఆగలే. తండ్రి విలువ అప్పుడు తెల్సింది మేడం." వాడి కళ్లలో మళ్లీ నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు కూడా నిజమైనవే, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

"నేనూ చూశాను. మా ఇంట్లో అందరూ ఏడ్చారు, నాకైతే ఒళ్లు మండింది" అంది ఆమె. "ఆ పెద్దాయన నోరు విప్పి ఒక్క మాట చెప్పొచ్చు కదా. అక్కడ జడ్జి అడుగుతూనే ఉన్నాడు."

బావ గోడ మీంచి చూపు తిప్పి ఆమె వంక చూశాడు.

"చెప్తన్న మేడం" అన్నాడు.

డాక్టరమ్మ పెన్ను ఆగిపోయింది.

"నాకు మంచిగ ఇనవడుతది. ఇందాక పళ్లెం కిందవడ్డది ఇన్న. మీ ఫ్యానుల బేరింగు పోయినట్టున్నది, దాని సప్పుడు గూడ ఇనవడుతంది."

"మేడం, ఆయనకు అప్పుడప్పుడు..." అని రుత్విక్ మొదలుపెట్టాడు.

"అప్పుడప్పుడు ఏమిటి?" అని అడిగింది ఆమె. ఇంకోసారి ఇలా వస్తే పైకి రాయాల్సి వస్తుందని వాడి ముఖం చూసి చెప్పి, బావతో "మీరు డ్యూటీకి వెళ్లండి నర్సింగం గారూ" అంది. బయటికి వచ్చేటప్పుడు బావ ఆమెకు దండం పెట్టాడు.

బస్సులో తండ్రి పక్కన సీటు ఖాళీగా ఉన్నా రుత్విక్ నిలబడే వచ్చాడు. ఇంట్లో మా అక్క గుమ్మంలోనే అందుకుంది. "మంచి మనిషిని సినిమాకు తోలుకపోయి కరాబు చేసిన్రు గదరా" అని నామీద విరుచుకుపడింది. పోదామన్నది ఆగయ్య అని చెప్పినా వినలేదు. ఆ ఇంట్లో చెవుడు ఎవరికి ఉందో నాకు అప్పుడు అర్థమైంది. ఆగయ్యకైతే ముచ్చెమటలు పట్టాయి. నడిరోడ్డు మీద నన్ను ఆపి, "నా పేరు చెప్పిండా? ఒట్టు, నా పేరేమన్న చెప్పిండా?" అని అరిచాడు. "మెల్లగ మాట్లాడు కాకా, నీకు ఇనరాదు గదా" అన్నాను. అప్పుడు చుట్టూ చూసుకుని ఇంట్లోకి పరిగెత్తాడు.

బావ మళ్లీ డ్యూటీకి పోతున్నాడు. కానీ ఇంట్లో ఆయనతో ఎవరూ మాట్లాడటం లేదు. మా అక్క కంచం ముందు పెట్టి పక్కకు పోతుంది. కొడుకు ఆయన ఉన్న గదిలోకి రాడు. షిఫ్టు దిగాక ఆయన నేరుగా నా దుకాణానికి వచ్చి, లోపల ఫ్లెక్సీలు కొట్టే మిషను పక్కన స్టూలు మీద కూర్చుంటాడు.

"మీ దుకాణంల మంచిగ సప్పుడుంటది రఘుపతి" అన్నాడు ఒకరోజు. "ఇంట్ల సప్పుడు లేదు. సప్పుడు లేని కాడ నాకు బయమైతది."

నాకు ఏడుపొచ్చింది. సినిమాలో వచ్చిన దానికంటే ఎక్కువే వచ్చింది, కానీ ఈసారి పక్కన ఏడ్చేవాళ్లెవరూ లేరు.

నిన్న సాయంత్రం రుత్విక్ వచ్చాడు. లోపల తండ్రి కూర్చున్న సంగతి వాడికి తెలియదు. కాలనీ మొగదల నుంచి విప్పిన ఫ్లెక్సీని చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"మామా, గీ డిజైన్ నీ కంప్యూటర్ల ఉన్నది గదా. మా లీడర్ పుట్టినరోజున్నది. డాడీ ఫొటో తీసేసి లీడర్‌ది పెట్టు. నాది గట్లనే ఉంచు" అన్నాడు. మళ్లీ డాడీ అయిపోయాడు.

"కిందున్న మాటలో?"

"తండ్రి అని ఉన్న కాడ లీడర్ అని రాయి. మిగిలింది సేమ్."

నేను ఫైలు తెరిచాను. తెర మీద వాడి నల్ల కళ్లద్దాలు, పక్కన చిన్నగా బావ ముఖం కనిపించాయి. వెనక స్టూలు చప్పుడైంది. బావ లేచి వచ్చి నా భుజం మీంచి తెర వంక చూశాడు. రుత్విక్ కొయ్యబారిపోయాడు.

"తియ్యకు రఘుపతి" అన్నాడు బావ, కొడుకు వంక చూడకుండా. "గా ఫొటోల నా చెవులు మంచిగ వడ్డయి."

నేను తీయలేదు. రుత్విక్ చుట్టిన ఫ్లెక్సీని అక్కడే నేల మీద వదిలేసి వెళ్లిపోయాడు, బావ దాన్ని తీసి దుమ్ము దులిపి తన స్టూలు పక్కన నిలబెట్టుకున్నాడు.